నలభై రెండో రోజు: తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగుల్లో ఏం జరుగుతుంది?

కార్తీకం రాగానే హైదరాబాద్ మూసాపేటలో మా గల్లీ రంగు మారిపోతుంది. మొన్నటిదాకా సాయంత్రమైతే వైన్స్ పక్కన పర్మిట్ రూంలో కనిపించినవాళ్లే నల్లబట్టలు కట్టుకుని, తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం చేసి, నుదుట విభూతితో "స్వామి శరణం" అంటూ ఎదురొస్తారు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరు. మా అన్నయ్య అలా వరసగా ఆరేళ్లు మాల వేసుకున్నాడు. ఆరేళ్లూ మాల తీసిన రోజు సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టాడు. ఒక ఏడాదైతే శబరి ఎక్స్‌ప్రెస్ దిగి, గుళ్లో మాల తీసి, అటునుంచి అటే వెళ్లిపోయాడు.

"నలభై రోజులు ఆగినవాడు నలభై రెండో రోజు ఎందుకు ఆగలేడు? కావాలనే తాగుతున్నాడు" అని అమ్మ ఏడ్చేది. నేనూ అదే అనుకునేదాన్ని. తాగేవాళ్లున్న చాలా ఇళ్లల్లో ఈ మాట వినిపిస్తుంది. కానీ ఆ నలభై రోజులూ అన్నయ్య ఒక్కడే ఆగలేదని మాకు తట్టలేదు. పొద్దున లేపడానికి గురుస్వామి ఉన్నాడు. సాయంత్రం పూజకు పీఠం ఉంది. భిక్షకు పిలిచే ఇళ్లున్నాయి. ఎవరి సొంత పేర్లూ లేవు, అందరూ స్వాములే. దావత్‌కు వెళ్తే "ఒక్క పెగ్గేరా" అని గ్లాసు చేతిలో పెట్టేవాళ్లు కూడా మాల చూసి వెనక్కి తగ్గేవాళ్లు. నలభై రెండో రోజు ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. ఆఫీసు అదే, స్నేహితులు వాళ్లే, సాయంత్రం ఏడింటికి గొంతులో మొదలయ్యే ఆ లాగుడూ అదే. పక్కన మనిషి మాత్రం ఉండడు.

ఆ నలభై రెండో రోజు కోసం ఈ ఊళ్లో ఒక ఏర్పాటు ఉంది, ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు. దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ, తెలిసినవాళ్లలోనూ తప్పుగా తెలిసినవాళ్లు ఎక్కువ. అన్నయ్యతో చెప్పి, అతను సరే అన్నాకే ఇది రాస్తున్నాను.

ముందు రెండు లెక్కలు చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తాగుతారు. దేశం మొత్తం మీద మగవాళ్లలో అది 18.8 శాతమే. తాగేవాళ్లందరూ బానిసలు కారు, నిజమే. కానీ ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన దేశవ్యాప్త సర్వేలో తేలింది ఇంకొకటి: మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు. మిగతా 37 మంది ఇళ్లల్లో ఉన్నారు. ఒట్టు పెట్టించుకోవడం, పిల్లల నెత్తిమీద చెయ్యి పెట్టించడం, మాల వేయించడం, తాయెత్తు కట్టించడం, రాత్రి తలుపు గడియ పెట్టడం, ఇవే వాళ్లకు దొరికిన వైద్యం.

మూడూ ఒకటి కాదు

జనం ఎక్కువగా కలిపేసుకునేవి మూడు: ఆసుపత్రి, డి-అడిక్షన్ సెంటర్, మీటింగు. "మీటింగుకి పంపితే ఎన్ని రోజులు ఉంచుకుంటారు?" అని మా పిన్ని అడిగింది. మీటింగు ఎవరినీ ఉంచుకోదు. అది గంట, గంటన్నర సేపు కొందరు మనుషులు కుర్చీల్లో కూర్చునే చోటు, అంతే. డాక్టరు ఉండరు, మందులు ఉండవు, రిజిస్టరు ఉండదు. డి-అడిక్షన్ సెంటర్ అంటే కొన్ని వారాలో నెలలో ఉండి చికిత్స పొందే చోటు. ఆసుపత్రి పని వీటికంటే ముందు మొదలవుతుంది. ఆ ముందు అన్న సంగతి తెలియక ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లుంటారు. మా ఇంట్లో అదే జరిగింది.

ఏడో ఏడాది అన్నయ్య మాల వేసుకున్న మూడో రోజు పొద్దున పీఠం దగ్గరే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. దీక్షలో ఏదో తప్పు జరిగిందని, స్వామికి కోపం వచ్చిందని చుట్టూ ఉన్నవాళ్లు భయపడ్డారు. అది స్వామి కోపం కాదు. రోజూ పొద్దున్నే మొదలుపెట్టి తాగే స్థితికి చేరిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మెదడు తట్టుకోలేదు. ఏళ్లుగా మద్యం మత్తుకు ఎదురు నిలబడటానికి అలవాటుపడిన మెదడు, మత్తు పోగానే అదుపు తప్పి ఉరకలేస్తుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. చివరి గ్లాసు తర్వాత, ఎక్కువగా 6 నుంచి 48 గంటల్లోపు, ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, జ్వరం వస్తుంది. దీన్ని డాక్టర్లు డెలిరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో కొద్ది రోజులు మాత్రలిచ్చి, వాటిని మెల్లగా తగ్గిస్తూ, విటమిన్ బి1 ఎక్కిస్తే చాలావరకు క్షేమంగా దాటిపోయే గండం ఇది.

కల్లు తాగేవాళ్ల ఇళ్లల్లో దీన్ని ఇంకా గట్టిగా గుర్తుంచుకోవాలి. నగరంలో గిరాకీకి సరిపడా తాటి, ఈత చెట్లు లేవు. అందుకే కొన్ని కల్లు కాంపౌండ్లలో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. ఆపినప్పుడు మద్యంతో పాటు ఆ మందు కూడా శరీరానికి ఆగిపోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కాంపౌండ్లు, వైన్స్ మూతపడగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం తండోపతండాలుగా రావడానికి కారణం అదే.

ఎర్రగడ్డ పేరును ఈ ఊళ్లో తిట్టుగా వాడతారు. "నిన్ను ఎర్రగడ్డలో వేయాలి" అని నేను కూడా చిన్నప్పుడు అన్నాను. ఆ మాట వల్ల ఎంతమంది ఆ గేటు దాకా వెళ్లలేకపోయారో తలుచుకుంటే బాధగా ఉంటుంది. అది ప్రభుత్వ ఆసుపత్రి, మెట్రో రెడ్ లైన్‌లో దాని పేరుతోనే స్టేషన్ ఉంది. మద్యం మాన్పించే చికిత్స అక్కడ దొరుకుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల కలిగే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యంగానే గుర్తిస్తుంది, చికిత్సను హక్కుగా చెబుతుంది. ఇదే చట్టం రోగిని గొలుసులతో కట్టేయడాన్ని పూర్తిగా నిషేధించింది. ప్రైవేటు సెంటర్‌కు వెళ్లాల్సి వస్తే దానికి రాష్ట్ర మానసిక ఆరోగ్య సాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, సైకియాట్రిస్టు ఎన్ని రోజులకోసారి వస్తారో అడగండి. ఇంట్లోవాళ్లను కలవనివ్వని చోటును నేనైతే నమ్మను.

ఇంకొకటి, ఇది ముఖ్యంగా ఆడవాళ్లకు చెబుతున్నాను. ఆయనకు తెలియకుండా సాంబారులో కలిపే పొడి గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. డైసల్ఫిరామ్ అనే మందు ఉన్న మాట నిజం. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. రోగికి అన్నీ చెప్పి, పరీక్షలు చేసి డాక్టరు ఇవ్వాల్సిన మందు అది. తెలియకుండా పెడితే మనిషి తాగి వచ్చిన రాత్రి ప్రాణానికే ప్రమాదం. పేరు తెలియని పొడుల సంగతి చెప్పక్కర్లేదు.

గదిలో ఏముంది

అన్నయ్య మొదటిసారి వెళ్లినప్పుడు నేను తోడుగా వెళ్లాను. గేటు బయట ఇరవై నిమిషాలు నిలబడ్డాడు, ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నట్టు. తర్వాత "ఇవాళ వద్దులే, పద" అన్నాడు. వెనక్కి వచ్చేశాం. రెండో వారమూ అంతే. మూడో వారం లోపలికి వెళ్లాడు. ఆసుపత్రిలో పన్నెండు రోజులుండి వచ్చిన మనిషికి ఆ గేటుకూ లోపలి కుర్చీకీ మధ్యనున్న పది అడుగులే కష్టమయ్యాయి.

ఈ మీటింగులు నడిపేది ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అనే అంటారు. దీని పుట్టుక తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ మార్కెట్ మనిషి అమెరికాలోని యాక్రన్ అనే ఊళ్లో ఒక హోటల్లో దిగాడు. తాగుడు మాని కొద్ది నెలలే అయింది. వచ్చిన పని చెడిపోయింది. హోటల్ బార్‌లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. లోపలికి వెళ్లకుండా, ఊళ్లో ఉన్న చర్చిలకు ఫోన్లు చేసి, తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలని అడిగాడు. అలా బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. ఆ డాక్టరు పావుగంట మాత్రమే కూర్చుంటానని వచ్చి ఆరు గంటలకు పైగా మాట్లాడాడు. అదే ఏడాది జూన్ 10న డాక్టర్ బాబ్ చివరిసారి తాగాడు. ఆ రోజునే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు.

బిల్ ఆ డాక్టరును బాగుచేద్దామని వెళ్లలేదు. తాను ఆ పూట తాగకుండా ఉండటానికి వెళ్లాడు. మీటింగు మొత్తం ఈ ఒక్క ఇరుసు మీద తిరుగుతుంది. అక్కడ కూర్చున్నవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు దానం చేయడం లేదు. కొత్తవాళ్లతో మాట్లాడితేనే వాళ్లు కూడా మాని ఉండగలుగుతున్నారు. మనకు ఉపకారం చేసేవాళ్ల ముందు తలవంచుకుని కూర్చోవడం వేరు, మన అవసరం ఉన్నవాళ్ల మధ్య కూర్చోవడం వేరు. బోధించే అన్నలూ తిట్టే భార్యలూ ఏళ్లతరబడి చేయలేకపోయింది ఇక్కడ ఎలా జరుగుతుందంటే, నాకు తోచిన జవాబు ఇది.

సభ్యత్వానికి ఒకటే షరతు, తాగుడు మానాలన్న కోరిక. మానేసి ఉండాలని కూడా లేదు. మొదట ఒక పరిచయ వాక్యం చదువుతారు. తర్వాత ఒక్కొక్కరు తమ పేరు, మొదటి పేరు మాత్రమే, చెప్పుకుని "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టి తమ సంగతి చెబుతారు. దాన్ని షేరింగ్ అంటారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహా ఇవ్వరు, వాదించరు. కొత్తవాళ్లు మాట్లాడక్కర్లేదు. "వినడానికి వచ్చాను" అంటే చాలు. చివర్లో ఒక బుట్టో డబ్బానో తిరుగుతుంది. వేస్తే వేయొచ్చు, లేకపోతే లేదు. గది అద్దె, టీ ఖర్చు అందులోంచే. బయటివాళ్ల విరాళాలు ఏఏ తీసుకోదు. ఎవరైనా ఫీజు అడిగితే అది ఏఏ మీటింగు కాదని అక్కడే తెలుసుకోవచ్చు.

మీటింగుల్లో ఓపెన్ అనీ క్లోజ్డ్ అనీ రెండు రకాలున్నాయి. ఓపెన్ మీటింగుకు ఇంట్లోవాళ్లు, విద్యార్థులు, ఎవరైనా వెళ్లొచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకు మాత్రమే. నేను ఓపెన్ మీటింగుల్లో కూర్చున్నాను. అక్కడ విన్నది ఇక్కడ రాయను. రాస్తే రేపు ఇంకొకరు ఆ గదిలో నోరు విప్పరు.

స్పాన్సర్ అన్న మాట మనవాళ్లను బాగా తికమకపెడుతుంది. గణేశ్ మండపానికి డబ్బిచ్చే స్పాన్సర్ కాదు ఇతను. తానూ తాగి, మాని, కొన్నేళ్లుగా నిలబడ్డ మనిషి. ఏఏలో పన్నెండు మెట్లుంటాయి: మద్యం ముందు తన బలం చాలదని ఒప్పుకోవడంతో మొదలై, చేసిన తప్పులు రాసుకోవడం, నష్టపోయినవాళ్ల దగ్గరికి వెళ్లి సరిదిద్దుకోవడం, చివరికి ఇంకొకరికి చెయ్యి అందించడం దాకా. ఆ మెట్లు ఎక్కించేవాడే స్పాన్సర్. రాత్రి పదకొండింటికి తాగాలనిపిస్తే ఫోన్ ఎత్తేవాడు. మన మాటల్లో గురుస్వామి. మామూలుగా మగవాళ్లకు మగవాళ్లే, ఆడవాళ్లకు ఆడవాళ్లే ఉంటారు. అప్పు ఇవ్వడం, ఉద్యోగం చూడటం అతని పని కాదు.

చర్చి ప్రాంగణంలో మీటింగు అని వినగానే "మతం మార్చడానికా?" అన్నాడు మా బావ. నగరంలో సాయంత్రం పూట తక్కువ అద్దెకు దొరికే గదులు చర్చిల్లో, స్కూళ్లలో ఎక్కువగా ఉంటాయి, మీటింగులూ అక్కడే పెట్టుకుంటారు. ఆ చర్చికీ ఏఏకీ సంబంధం ఉండదు. అయితే మెట్లలో దేవుడి ప్రస్తావన ఉన్న మాట నిజం. మొదలుపెట్టినవాళ్లు క్రైస్తవ భావాల మధ్య పెరిగినవాళ్లు. దాన్ని దాచక్కర్లేదు. కానీ మెట్లలో ఉన్నది "మనకు ఎలా అర్థమైతే అలాంటి" దేవుడు. నాస్తికులు గ్రూపునే తమకంటే పెద్ద శక్తిగా తీసుకుంటారు. అదీ రుచించకపోతే స్మార్ట్ రికవరీ అని 1994లో మొదలైన ఇంకో పద్ధతి ఉంది. అందులో దేవుడి ప్రసక్తి లేదు, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే కసరత్తులు ఉంటాయి. వాళ్ల మీటింగులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

పనిచేస్తుందా అంటే, 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే సంస్థ చేసినది) 27 అధ్యయనాలను, 10,565 మందిని కలిపి చూసింది. పద్ధతి ప్రకారం ఏఏ దారిలో నడిపించినవాళ్లలో ఏడాది తర్వాత నూటికి 42 మంది పూర్తిగా మాని ఉన్నారు. ఇతర చికిత్సలు పొందినవాళ్లలో 35 మంది. 42 అంటే నాకు చిన్న సంఖ్య కాదు. అయినా మిగతా 58 మందిని కూడా గుర్తుపెట్టుకోవాలి. మందులూ కౌన్సెలింగూ మీటింగూ ఒకదానికొకటి పోటీ కావు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు తాగాలన్న లాగుడును తగ్గిస్తాయి. డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్నవాళ్లను "అవి కూడా మత్తే, మానెయ్" అని ఎవరైనా మీటింగులో అంటే వినొద్దు. ఆ నిర్ణయం డాక్టరుదే.

ఎలా వెతకాలి

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మీటింగులు జరుగుతాయి. భారత ఏఏ కార్యాలయం ముంబైలో ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లోని జాబితాతో మొదలుపెట్టొచ్చు. కానీ జాబితా చూసి నేరుగా బయల్దేరకండి. గదులు మారుతుంటాయి, వేళలు మారుతుంటాయి. ముందు ఫోన్ చేసి అడగండి: ఇవాళ మీటింగు ఉందా, ఏ భాషలో, ఓపెనా క్లోజ్డా, గేటు ఏ వైపు. ఆ చివరి ప్రశ్న చిన్నదే కానీ, చర్చి ప్రాంగణంలో దారి తెలియక తిరిగి వాచ్‌మన్‌ను "తాగుబోతుల మీటింగు ఎక్కడ?" అని అడగాల్సి రావడం కొత్త మనిషికి మరణయాతన. వీలైతే గేటు దగ్గర ఎవరినైనా నిలబడమనండి, ఆనందంగా వస్తారు.

ఎవరైనా చూస్తారన్న భయం ఉంటే ఇంటికి దూరంగా ఉన్న మీటింగు ఎంచుకోండి. అన్నయ్య ఏడాదిపాటు మూసాపేట నుంచి మెట్రోలో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ రైలు మారి సికింద్రాబాద్ వైపు వెళ్లేవాడు. రాత్రి షిఫ్టుల వాళ్లకు, పిల్లల్ని వదిలి రాలేనివాళ్లకు ఆన్‌లైన్ మీటింగులున్నాయి. ఆడవాళ్లకు ఇవి ఇంకా ముఖ్యం. మగవాడు తాగితే జాలి చూపించే లోకం ఆడమనిషి తాగితే ఇంటి పరువు తీసిందంటుంది. గది నిండా మగవాళ్లుంటే ఆమె ఎలా నోరు విప్పుతుంది? ఆడవాళ్ల కోసమే నడిచే ఆన్‌లైన్ మీటింగులున్నాయి, అడిగితే వివరాలిస్తారు.

ఒక్క మీటింగు చూసి తీర్పు చెప్పొద్దు. ఒకచోట అందరూ పెద్దవాళ్లే ఉండొచ్చు, ఒకచోట ఒకే మనిషి అరగంట మాట్లాడొచ్చు. అయిదారు గ్రూపులు తిరిగితే ఏదో ఒకటి మనదనిపిస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే మత్తు విముక్తికి కేంద్ర ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలి-మానస్ 14416 ఉన్నాయి. రెండూ ఉచితం. టెలి-మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు.

ఇంట్లోవాళ్లకు వేరే గది ఉంది. దాని పేరు ఆల్-అనాన్, 1951లో మొదలైంది. బిల్ భార్య లోయిస్ దాన్ని స్థాపించినవాళ్లలో ఒకరు. వదిన ముందు ఒప్పుకోలేదు. "తాగేది ఆయనైతే నేనెందుకు వెళ్లాలి?" అంది. న్యాయమైన ప్రశ్న. కానీ పదేళ్లుగా ఆయన జేబులు వెతకడం, సీసాలు సింక్‌లో పారబోయడం, జ్వరమని ఆఫీసుకు అబద్ధం చెప్పడం, సందు మలుపులో బండి చప్పుడు వినగానే కడుపులో వణుకు, ఇవన్నీ ఆమెవి. ఆల్-అనాన్‌లో చెప్పే మొదటి సంగతి, ఈ జబ్బు నువ్వు తెచ్చింది కాదు, నీ అదుపులో లేదు, నువ్వు నయం చేయలేవు అని. అది విన్న రోజు వదిన ఇంటికి వచ్చి తొమ్మిదింటికే పడుకుంది. ఆయన వచ్చాడా లేదా అని చూడకుండా ఆమె నిద్రపోయిన రాత్రి నాకు తెలిసి అదే మొదటిది.

అన్నయ్య నాలుగో నెలలో ఒక పెళ్లి దావత్‌లో తాగాడు. వాళ్ల మాటల్లో స్లిప్. మూడు రోజులు ఇంట్లోంచి కదల్లేదు, సిగ్గుతో. నాలుగో రోజు స్పాన్సర్ ఫోన్ చేసి, వణుకు ఉందా అని అడిగి, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లమని, తర్వాత మీటింగుకు రమ్మని చెప్పాడు. వెళ్లాడు. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలైంది.

అది జరిగి మూడేళ్లు దాటింది. ఇప్పుడు మీటింగు రోజున అందరికంటే ముందు వెళ్లి కుర్చీలు వేస్తాడు, తర్వాత గేటు దగ్గరికి వచ్చి నిలబడతాడు. బయట ఎవరైనా ఫోన్ చూసుకుంటూ చాలాసేపు నిలబడితే దగ్గరికి వెళ్లి టీ తాగుతారా అని అడుగుతాడట. మొన్నటి కార్తీకంలో డాక్టరును అడిగి మళ్లీ మాల వేసుకున్నాడు. నల్లబట్టల్లోనే మీటింగులకు వెళ్లాడు. శబరిమల నుంచి తిరిగి వచ్చి, మాల తీసి, ఇంట్లో అన్నం తిని, సాయంత్రం అయిదింటికి అరవణ పాయసం డబ్బాలు రెండు సంచిలో పెట్టుకుని మెట్రో స్టేషన్ వైపు నడిచాడు. ఆ రోజు మీటింగులో టీతో పాటు అందరికీ తలా ఒక స్పూను పెట్టాడు.